నంబరు మీది బొట్టు

మా పెనుబల్లి చేలల్లో అడవి పందులను బెదరగొట్టడానికి నాన్న దగ్గర ఒక తుపాకి ఉండేది. దానితోనే గురి పెట్టడం నేర్చుకున్న నేను ఎనభైల చివర్లో విదేశంలో జరిగే షూటింగ్ పోటీకి ఎంపికయ్యాను. మనిషికి పాస్‌పోర్టు, వీసా ఉంటే చాలు. పోటీ తుపాకికి మాత్రం ఖమ్మంలో లైసెన్సు, ఢిల్లీలో బయటికి తీసుకెళ్లే అనుమతి, ఆ దేశంవాళ్ల పర్మిట్ కూడా కావాలి. "ఆడపిల్లవు, నీకు తుపాకేంది?" అన్న గుమస్తాతో గొడవపడి మరీ అన్నీ సంపాదించాను.

అక్కడి ఎయిర్‌పోర్టులో అధికారి పెట్టె తెరిచి, తుపాకి మీది నంబరును పర్మిట్‌తో సరిచూడబోయాడు. నంబరు కనపడలేదు. దసరాకు నాగలికి పెట్టినట్టే, నేను బయల్దేరే ముందు అమ్మ నా తుపాకికి కూడా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆ బొట్టు సరిగ్గా నంబరు మీదే పడింది. ఎర్రగా ఎండిన మరకను చూపించి అతను "రక్తమా?" అని అడిగాడు.

నాకు ఒళ్లు మండింది. "కాదు, మా అమ్మ దీవెన" అన్నాను, వచ్చీరాని ఇంగ్లీషులో.

అతను నవ్వాడు. నంబరు కనపడేంత మేర తుడిచి, మిగతాది అలాగే వదిలేశాడు.

పోటీలో ఓడిపోయాను. ఇంటికొచ్చి, మొహం వేలాడేసుకుని అమ్మకు ఇదంతా చెప్పాను. ఓటమి గురించి ఆమె ఒక్క మాట అడగలేదు. తుపాకి తెచ్చి తన ముందు పెట్టమంది.

"ఆ నంబరేడున్నదో సూపియ్యి బిడ్డా. ఈసారి పొయ్యేటప్పుడు బొట్టు పక్కన పెడత."