పెరుగుకు నూట నాలుగు

నాచారంలో మేమున్న బిల్డింగుకు నాలుగు పోర్షన్లు, ఒక బోరు, ఒక థర్మామీటరు. బోరు అందరిదీ. థర్మామీటరు మాత్రం ఓనర్ ఆంటీది. ఆ వానాకాలం అది తిరిగినంత సిటీ బస్సు కూడా తిరగలేదు. ఒకరి నోట్లోంచి ఇంకొకరి చంకలోకి, అక్కడినుంచి మూడో పోర్షన్ పిల్లవాడి నోట్లోకి. మధ్యలో శుద్ధి అంటే నైటీ అంచుతో ఒక తుడుపు.

మా నాన్నకు జ్వరమొచ్చిన మూడో రోజు మా వంతు వచ్చింది. చెమట పడితే దిగుతుందని అమ్మ కిటికీలు మూసి, ఆయన మీద రెండు రగ్గులు కప్పింది. గదిలో బామ్ వాసన, మాగిన చెమట వాసన, మంచం కింద గిన్నెలో పొద్దుటి వాంతి. ముక్కు మూసుకుని గడపలోనే నిలబడ్డాను.

"కడిగే తెచ్చానమ్మా," అంది ఆంటీ థర్మామీటరు ఇస్తూ. దాని కొసకు ఒక వెంట్రుక అంటుకుని ఉంది. తల వెంట్రుక కాదు.

అమ్మ అది చూడకుండానే నాన్న నోట్లో పెట్టి, వెంటనే తీసింది. నూట నాలుగు.

"పై పోర్షన్ అన్నకు గూడ నూట నాలుగే, గా పిల్లగానికీ నూట నాలుగే," అన్నాను. "బిల్డింగుకంత ఒకటే రీడింగు గదనే అమ్మా."

ఎవరూ నవ్వలేదు. పాదరసం దానంతటది దిగదనీ, ప్రతిసారీ విదిలించాలనీ అక్కడ తెలిసింది నాకొక్కడికే. ఆ మాట చెప్తే సరిపోయేది. కానీ నాకు నవ్వేవాళ్లు కావాలి. థర్మామీటరు తీసుకెళ్లి పెరుగు గిన్నెలో ముంచి, తెచ్చి చూపించాను. అదే నూట నాలుగు.

"సూడుండ్రి, పెరుగుకు గూడ జ్వరమే! దానికో గోలీ ఎయ్యిండ్రి."

ఈసారి ఆంటీ నవ్వింది. నాన్న నవ్వలేదు, నమ్మాడు. రగ్గులు తోసి లేచాడు.

"జరం లేదా? అయితే డ్యూటీకి పోత," అంటూ ఫ్యాక్టరీ చొక్కా తీసి, దాని చేతుల్లోకి కాళ్లు దూర్చడం మొదలుపెట్టాడు.

"నాయినా, అది షర్టు."

"నువ్వెవరయ్యా? సూపర్‌వైజర్ పంపిండా?"

మా నాన్నకు జోకులు వెయ్యడం రాదు. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. ఆ జిడ్డుకు అసహ్యమేసి మూడు రోజులుగా ముట్టుకోని చెయ్యి. పెనంలా కాలుతోంది.

థర్మామీటరును సబ్బుతో కడిగి, విదిలించి, చంకలో పెట్టాను. నూట నాలుగు దాటింది. రగ్గులు లాగేశాం, కిటికీలు తెరిచాం, జ్వరం గోలీ వేశాం. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే మూడు రోజుల మురికి నా చేతికి అంటింది. వాంతి ఆపుకుంటూ తుడిచాను. ఆయన ఇంకా నన్ను గుర్తుపట్టడం లేదు. ఆటో పిలిచి ఉప్పల్ దవాఖానాకు తీసుకెళ్లాం.

రెండో సెలైన్ సీసా సగమయ్యాక నాన్న నా వైపు తిరిగాడు.

"ఏందిరా, మొఖం గట్ల పెట్టినవ్?"

నా ముఖం ఎవరిదో ఆయనకు తెలిసింది. నాకు అది చాలు.

అంతలో డాక్టరు వచ్చి, తాగడానికి ఏమిచ్చారని అమ్మను అడిగాడు.

"ఆటో వచ్చే లోపట గుక్క గుక్క మజ్జిగ తాపిన సార్."

"మంచి పని చేశారమ్మా."

ఆయన వెళ్లేదాకా ఆగి అమ్మను మెల్లగా అడిగాను. "ఏ పెరుగుదే?"

"ఇంట్ల ఎన్ని పెరుగు గిన్నెలున్నయ్‌రా?"