రత్నానికి లేదన్న గుణం

పదిహేడేళ్లుగా ఒక పిల్ల ముఖం నా దగ్గరుంది. దానంతటదే గుర్తుండిపోయిన ముఖం కాదది. నేను కావాలని చూసి, దాచుకుని, వాడుకున్న ముఖం. ఈ తేడా ఎవరికో ఒకరికి చెప్పాలి. మా ఆయనకు చెప్పలేదు. ఆయన పోయేదాకా పక్కనే ఉన్నా నోరు రాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటాను.

పేరు చెప్పను. బరంపురంలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. కథలు రాస్తాను. ఈ ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు, చదివేవాళ్లే తక్కువ. ఆ తక్కువ మందిలో నాకు పేరుంది. అటు ఇచ్ఛాపురం నుంచీ శ్రీకాకుళం నుంచీ సభలకు పిలుస్తారు. శాలువా కప్పి, కాలేజీ పిల్లల ముందు నిలబెట్టి, రచయిత కావాలంటే ఏ గుణాలుండాలో చెప్పమంటారు. చెబుతాను. ఓర్పు ఉండాలంటాను. బాగా చదవాలంటాను. మనుషుల్ని కళ్లు పెట్టుకుని చూడాలంటాను. ఆఖరున కరుణ ఉండాలంటాను. ఆ మాట దగ్గర గొంతు కాస్త తగ్గిస్తాను. తగ్గిస్తే పిల్లలు నిశ్శబ్దంగా వింటారని నాకు తెలుసు.

మా వీధికి దానమ్మ అని ఒకామె చేపలు తెచ్చేది. గోపాలపూర్ అవతల, సముద్రపు ఒడ్డున వాళ్ల ఊరు. ఎన్నో తరాల కిందట ఇటు వచ్చి ఉండిపోయిన తెలుగు కుటుంబాలు అవి. మగవాళ్లు వేటకెళతారు, ఆడవాళ్లు బుట్టలతో ఊళ్ల మీద పడతారు. దానమ్మ కూతురు రత్నం. అప్పటికి ఇరవై ఏళ్లుంటాయి. పన్నెండో తరగతి దాకా ఒడియాలో చదివింది. ఇచ్ఛాపురంలో పిన్ని ఇంట్లో ఒక వేసవంతా ఉండి, కూడబలుక్కుని తెలుగు అక్షరాలు నేర్చుకుంది. నేను రాస్తానని తల్లి చెబితే వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో నాలుగు నోటు పుస్తకాలు, జారిపోకుండా రిబ్బనుతో కట్టినవి.

"సూసి సెప్పండి మేడంగోరూ" అని బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే వెళ్లిపోయింది.

ఆ వారమంతా చదివాను. అక్షరాలు వంకర. వత్తులు ఎక్కడ పడితే అక్కడ. తెలుగు మాట మధ్యలో ఒక్కోసారి ఒడియా అక్షరం వచ్చి కూర్చునేది. నవ్వుతూ మొదలుపెట్టాను. రెండో పుస్తకంలో, వాళ్లమ్మ గురించి రాసిన చోట ఇలా ఉంది: "అమ్మ బుట్ట దించీసినాక కూడా మెడ తిప్పదు. ఎనకనుండి పిలిస్తే ఒళ్లంతా తిప్పి సూస్తాది."

పుస్తకం మూసేశాను.

దానమ్మ పదేళ్లుగా మా గుమ్మంలో బుట్ట దించుతోంది. పిలిస్తే ఒళ్లంతా తిప్పే చూస్తుంది. పదేళ్లు నేను చూశాను. చూడలేదు. అప్పటికి నావి రెండు కథల పుస్తకాలు అచ్చయ్యాయి. ఆ రెంటిలోనూ అలాంటి వాక్యం ఒకటైనా ఉందేమోనని తీసి వెతికాను. సిగ్గులేకుండా, పేజీ పేజీ వెతికాను. మీరైతే ఏం చేసేవారు? సంతోషించేవారేమో. నేను నా పుస్తకాలు రెండూ అలమారలో వెనక్కి తోసి తలుపు వేశాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో నేనొక కథ రాస్తూ ఆగిపోయి ఉన్నాను. పట్టుచీరలు నేసే ఇంటి ఇల్లాలు ఒకామె ఆసుపత్రి వరండాలో నిలబడి ఉంటుంది. డాక్టరు బయటికొచ్చి, బిడ్డ దక్కలేదని చెబుతాడు. అక్కడ ఆమె ముఖం రాయాలి. నాకు రావడం లేదు. పదకొండుసార్లు రాసి చింపాను. ఏడిపిస్తే నాటకంలా ఉంది, ఏడిపించకపోతే బొమ్మలా ఉంది. ఆశ పోయే క్షణంలో మనిషి ముఖం ఎలా ఉంటుందో నేనెప్పుడూ తీరిగ్గా చూడలేదు. అలాంటప్పుడు ఎవరైనా తల తిప్పుకుంటారు కదా.

రత్నం వారానికి మళ్లీ వచ్చింది. మధ్యాహ్నం. కొత్త చుడీదారు వేసుకుంది, తలకు నూనె రాసి బిగించి జడ వేసుకుంది. కిటికీకి ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి కూర్చోమన్నాను. వెలుతురు సూటిగా ముఖం మీద పడే కుర్చీ అది. నేను వెలుతురుకు వీపు పెట్టి కూర్చున్నాను. అలా కూర్చోబెట్టాలని ముందే అనుకున్నానా? ఈ ప్రశ్న ఎన్నో ఏళ్లు వేసుకున్నాను. అనుకోలేదని చాలాకాలం నమ్మాను. మా ఇంటికి వచ్చినవాళ్లెవరూ ఆ కుర్చీలో కూర్చోరు, ఎండ కొడుతుందని. అనుకునే ఉంటాను.

"సదివినారా మేడంగోరూ?"

"చదివాను."

"ఎలాగున్నాది?"

మా ఇంట్లో మేమూ ఏటి, ఎల్లు అనుకునేవాళ్లమే. పుట్టి పెరిగింది ఇక్కడే కదా. ఆ రోజు మాత్రం నోటికి పుస్తకాల తెలుగు తెచ్చుకున్నాను.

"రాయాలని ఉండడం వేరు, రాయడం వేరు రత్నం. నువ్వు రాసింది భాష కాదు. మీ ఇంట్లో మాట్లాడుకునేది తెచ్చి కాగితం మీద పెట్టావు."

తలూపింది. చిన్నగా నవ్వింది కూడా. "తప్పులున్నాయని నాకు తెలుసండి. మీరు సెప్తే దిద్దుకుంతాను. నేర్సుకుంతాను."

అక్కడ ఆపేయొచ్చు. అసూయతో అనాల్సినది అనేశాను, చాలు. పిల్ల కష్టపడి నేర్చుకునేది, ఇంకెవరికో చూపించేది, ఎలాగో ఒకలాగ నిలబడేది. అయితే మొదటి మాటకు ఆమె ముఖంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. రెప్పల దగ్గర. నేను పట్టుకునేలోగా పోయింది. నాకు అది మళ్లీ కావాలి. నిజంగా ఇలాగే అనుకున్నాను, ఇంతే స్పష్టంగా. ఇది మళ్లీ చూడాలి.

"తప్పులు దిద్దొచ్చు" అన్నాను, నెమ్మదిగా. "లేనిదాన్ని ఎక్కడి నుంచి తెస్తాం? రాసేవాళ్లకు ఒక గుణం ఉండాలి. అది పుట్టుకతో రావాలి. నీలో అది లేదు. ఇంకొకరైతే నీకు ఆశపెట్టి పంపించేస్తారు. నీ ఏళ్లు పాడు కాకూడదని నేను చెబుతున్నాను."

చూశాను. నవ్వు పోలేదు. నవ్వడానికి కారణం పోయింది, నవ్వు మాత్రం ఎటు పోవాలో తెలియక పెదాల మీదే ఉండిపోయింది. కళ్లు నా మీదే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. వేళ్లు బల్ల మీది నోటు పుస్తకం మూల మడత పడితే దాన్ని సాపు చేస్తున్నాయి, చాలా జాగ్రత్తగా, ఇంకా చాలా కాలం దాచుకోవలసిన వస్తువును సర్దినట్టు. గొంతు దగ్గర ఒక నరం. నేను ఒక్కటీ వదల్లేదు.

అప్పుడు అడిగింది. "అదేటి మేడంగోరూ? ఆ గుణానికి పేరేటి?"

ఎగతాళి లేదు ఆ అడగడంలో. నిజంగా తెలుసుకుందామని అడిగింది. పేరు తెలిస్తే ఇంటికెళ్లి వెతుక్కుంటుందేమో. ఆ గుణం నేను అప్పటికప్పుడు కల్పించినది. అయినా అన్నాను.

"అది అడగాల్సి వచ్చిందంటేనే నీలో లేదని."

లేచింది. పుస్తకాలకు మళ్లీ రిబ్బను కట్టుకుంది. నా కాళ్లకు దండం పెట్టి వెళ్లింది.

గేటు పడిన చప్పుడయ్యిందో లేదో నేను కలం తీశాను. పొద్దు కుంకేదాకా లేవలేదు. అన్నం తినమని మా ఆయన రెండుసార్లు పిలిచారు. ఆ పిల్ల నవ్వునూ, వేళ్లనూ, గొంతు దగ్గరి నరాన్నీ తీసుకెళ్లి ఆసుపత్రి వరండాలోని తల్లికి ఇచ్చేశాను. నోటు పుస్తకం మూల బదులు పసిబిడ్డ చొక్కా అంచు పెట్టాను. అంత సులువుగా నా జన్మలో ఎప్పుడూ రాయలేదు. ఇది చెప్పకపోతే ఒప్పుకోలు సగమే అవుతుంది: ఆ సాయంత్రం నేను సంతోషంగా ఉన్నాను.

ఆ కథే నాకు పేరు తెచ్చింది. బహుమతి వచ్చింది. ఆ తల్లి ముఖం రాయాలంటే గుండెలో ఎంత కరుణ ఉండాలో అని ఉత్తరాలు రాశారు. దాచుకున్నాను ఆ ఉత్తరాలన్నీ.

కొన్నాళ్లకు దానమ్మ బుట్ట దించుతూ చెప్పింది. "మా పిల్ల ఆ రాతలు మానేసినాదండి. పుస్తకాలన్నీ ఎండుసేపలు పొట్లాలు కట్టడానికి ఇచ్చీసినాది. మంచి మాట సెప్పినారు అమ్మగోరూ. మా మాట ఇననిది మీ మాట ఇన్నాది."

ఆ పొట్లాల్లో ఒకటి మా ఇంటికీ వచ్చింది. చేపలు గిన్నెలోకి ఒంపి, కాగితం చదవకుండా నీళ్లలో ముద్ద చేసి పారేశాను.

చదవకుండా అన్నది అబద్ధం. చదివాను. బాగుంది.

ఎందుకు చేశానని అడుగుతారు. అసూయా? అవును. అయితే అసూయ ఉన్నవాళ్లు చాలామంది ముఖం చిట్లించుకుని ఊరుకుంటారు. చేపలమ్మే ఇంటి పిల్ల కాబట్టి అంత ధైర్యం వచ్చిందా? మా కాలేజీ ప్రిన్సిపాలు కూతురు అదే పుస్తకం తెస్తే ఆ మాట అనగలిగేదాన్నా? అనేదాన్ని కాదు. అత్తెసరు రాతకు కూడా మెచ్చుకుని, టీ ఇచ్చి పంపేదాన్ని. ఇవన్నీ ఉన్నాయి. కానీ వీటికన్నా అడుగున ఇంకొకటుంది. ఎదుటి మనిషి విరిగిపోతుంటే తల తిప్పుకోకుండా చూడగలగడం. చూడటానికి ఇంకాస్త విరవగలగడం. ఆ గుణం రత్నంలో నిజంగానే లేదు. వాళ్లమ్మ మెడను ఆ పిల్ల ప్రేమతో చూసింది. నేను చూసిన చూపు వేరు.

పోయిన చలికాలం ఇచ్ఛాపురంలో సభ ముగించుకుని పాసింజరు రైల్లో తిరిగి వస్తున్నాను. గిరిసోలలో ఎండుచేపల గోనెతో ఒకామె ఎక్కింది, వెంట పదేళ్ల ఆడపిల్ల. నన్ను చూసి ఆగిపోయింది. నేను పోల్చుకోలేదు. ఆమే ముఖం విప్పార్చుకుని దగ్గరికి వచ్చింది.

"నాను రత్నానండి. దానమ్మ కూతుర్ని. గిరిసోల్లోనే ఇచ్చినారు."

అమ్మ పోయిందని చెప్పింది. మొగుడు చెన్నైలో బోట్ల మీద పనికెళ్లాడట. పిల్లను ముందుకు తోసింది. "దండం ఎట్టు. నీకు సెప్తాను కదా, ఆ మేడంగోరు ఈవిడే."

ఆ పిల్ల దండం పెట్టింది.

"ఇది కూడా రాస్తాదండి" అంది రత్నం, నవ్వుతూ. "బడిలో పుస్తకాల ఎనకాలంతా రాతలే. నానే మానిపించినాను. మీరు నాకు సెప్పిందే దీనికీ సెప్పినాను. ఒక గుణం ఉండాలి, అది పుట్టుకతోనే రావాలి, నీలో అది నేదు అని. ఆశెట్టి పెంచితే ఏళ్లు పాడైపోతాయి కదండీ. మీరు ఆ రోజు నిజం సెప్పబట్టి నాను బాగుపడ్డాను."

నా మాటలు. ఒక్క అక్షరం పోకుండా దాచుకుంది. బరంపురం చేరడానికి ఇంకా టైముంది. అబద్ధం చెప్పానమ్మా అనడానికి ఒక నిమిషం చాలు. నేనేమన్నానో తెలుసా? "ఏం రాస్తావమ్మా?" అని పిల్లను అడిగాను.

పిల్ల వాళ్లమ్మ వైపు చూసింది. "ఏటీ రాయను" అంది.

ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల ముఖాన్ని చూశాను. తల తిప్పుకోలేదు. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా నాలుగు వాక్యాలు రాసుకున్నాను. అవి నా పుస్తకంలో ఉన్నాయి. ఇంకా చింపలేదు.

గిరిసోల ఎంత దూరమని. ఆటో ఎక్కితే గంటలోపే వెళ్లొచ్చు. వెళ్లి చెబితే రత్నానికి ఏం మిగులుతుంది, ముప్పై ఏడేళ్ల వయసులో ఒక కోపం తప్ప అనుకుంటాను. ఆమె మంచి కోసమే వెళ్లడం లేదనుకుంటాను. ఆమె మంచి కోసం అన్న మాట నేను ఇదివరకు ఒకసారి వాడాను. ఆ పిల్లకు ఇంకా పదేళ్లే. తల్లి పోయి, నేనూ పోయాక, ఆ మాట ఆ పిల్ల దగ్గరుంటుంది. అది తెలిసి కూడా వెళ్లలేదు. రేపు వెళతానని మీకు మాటిస్తే నమ్మకండి.

ఒక్క వాక్యం మాత్రం ఇక్కడ పెడుతున్నాను. వంకరలు లేకుండా రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రత్నం నాకన్నా బాగా రాసేది, అది తెలిసే లేదన్నాను.

రాశాక గుండె కాస్త తేలికైంది. అలా అవడానికి నాకు హక్కు లేదు. అయినా అయింది.