ఎల్లయ్య పేరు దగ్గర తొమ్మిది సెకన్లు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. ఈ దేశంలో మేముండే పేట టోవా పాయో. చైనీయుల ఏడో నెలలో మా అపార్ట్‌మెంటు బ్లాకు కింద పందిరి వేసి పాటల కచేరీ పెడతారు. ముందు వరస కుర్చీలు ఖాళీగా వదిలేస్తారు. అవి పోయినవాళ్ళ కోసమట. ఒకసారి కూరగాయల సంచులు మోసి కాళ్ళు లాగేస్తుంటే వెళ్ళి ఆ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చున్నాను. పక్కింటి చైనీస్ ఆంటీ గుండె పట్టుకుంది. నాకు మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి 'ఈవిడకి మొదటినుంచీ ఇలాంటి పిచ్చి ఉన్నట్టుంది' అనుకుంటారేమోనని. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పక్కవాళ్ళ పనిలో తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని. అది ఉద్యోగం కాదు, నా గుణానికి దొరికిన బహుమానం అంటారు మా ఆయన.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులవి. చెన్నై నుంచి వచ్చే విమానంలో ముందు సగం మాలాంటి ల్యాప్‌టాప్ సంచుల వాళ్ళు, వెనక సగం కరీంనగర్ నుంచో, శ్రీకాకుళం నుంచో వర్క్ పర్మిట్ మీద వచ్చే మేస్త్రీలు, వెల్డర్లు. ఎయిర్‌పోర్టు దాటాక ఎవరి దారి వాళ్ళది. మళ్ళీ ఎదురుపడేది ఆదివారాలు, మనవాళ్ళంతా చేరే టెక్కా మార్కెట్ దగ్గర.

అక్కడే మా రేడియో పుట్టింది. రేడియో అంటే నెట్‌లో వచ్చేది. ఆదివారం మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగింటి దాకా ఒక్క గంట. పేరు 'పలకరింపు'. చదివేది నేను, మిషన్లు చూసేది సలీమ్ భాయ్. ఆయన హైదరాబాద్ మనిషి, నెట్‌వర్క్ ఇంజనీరు, హౌగాంగ్‌లో కొత్త ఫ్లాటు కొనుక్కున్నాడు. కొత్త ఫ్లాట్లలో వంటింటి పక్కన ఒక చిన్న గది ఉంటుంది. యుద్ధం వస్తే దాక్కోవడానికి మందపాటి కాంక్రీటు గోడలు, ఇనప తలుపు పెట్టి కడతారు. అందరూ అందులో బియ్యం సంచులు, పాత సూట్‌కేసులు పెట్టుకుంటారు. సలీమ్ భాయ్ మైకులు పెట్టాడు.

పాటల కోసమో, నా గొంతు కోసమో ఎవరూ వినేవాళ్ళు కాదు. అందరికీ కావలసింది ఆఖరి పావుగంట. అందులో పేర్లు చదివేదాన్ని. ఆదివారం పొద్దున టెక్కా దగ్గర బ్లాకు కింద నేను నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటే మనుషులు వచ్చి పేరు, ఊరు, ఇంట్లో ఎవరికి చెప్పాలో రాయించుకునేవాళ్ళు. మధ్యాహ్నం అదే వరసలో చదివి, ఒక్కో పేరు చివర 'క్షేమం' అనేదాన్ని. అంతే. అక్కడ మండల కేంద్రంలో నెట్ సెంటర్ వాడు స్పీకరు బయటికి పెట్టేవాడు. ఆడవాళ్ళు బెంచీల మీద కూర్చుని వినేవాళ్ళు. పేరు వినబడితే మనిషి బాగున్నట్టు.

మొదట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరి పేరు వాళ్ళే వచ్చి చెప్పాలి. మా కళ్ళతో చూసిన మనిషికే 'క్షేమం'. కానీ ఆదివారం పని పడి రాలేనివాళ్ళ ఇళ్ళ నుంచి ఏడుస్తూ ఫోన్లు వచ్చేవి. ఆ గోల భరించలేక, గదిలో ఉండే స్నేహితుడు చెప్పినా రాసుకుందామని అన్నది నేనే. సలీమ్ భాయ్ వద్దన్నాడు. ఆయన మాట వినలేదు. కాలేజీలో ఒకడి బదులు ఇంకొకడు హాజరు పలికినట్టే కదా, ఏం కొంప మునుగుతుంది అన్నాను.

ఆ ఆదివారం సత్తయ్య అనే అతను వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, షటరింగ్ పని. తన పేరు చెప్పి, వెంటనే తన గదిలో ఉండే ఎల్లయ్య పేరు కూడా చెప్పాడు. "రాసుకో అక్కా, ఎల్లయ్య ఓటీకి పోయిండు. రాజవ్వకు చెప్పుమన్నడు" అన్నాడు. ఓటీ అంటే అదనపు గంటల పని. రాజవ్వ ఎల్లయ్య భార్య. ప్రతివారం రాసేదే కాబట్టి తలెత్తకుండా రాసుకున్నాను. సత్తయ్య వెనక నిలబడ్డ అతను కొత్తవాడు, నంద్యాల నుంచి ఆ వారమే దిగాడు. పేరు గఫార్. ఈ వరస గుర్తుంచుకోండి. సత్తయ్య, ఎల్లయ్య, గఫార్.

మధ్యాహ్నం ఎప్పటిలాగే చదివాను. ఎల్లయ్య పేరు చదివాను, వాళ్ళ ఊరి పేరు చదివాను, రాజవ్వ పేరు చదివాను, క్షేమం అన్నాను. నాలుగింటికి ముగించి, నుస్రత్ భాభీ ఇచ్చిన టీ తాగుతున్నాం. ఆమె సలీమ్ భాయ్ భార్య. ఇంటి ఫోన్ మోగితే ఆమే తీసి, ఎవరో ఏడుస్తున్నారని నా చేతికిచ్చింది.

రాజవ్వ. నెట్ సెంటర్ నుంచే చేస్తోంది.

"మా ఆయిన పేరెందుకు సదవలే అక్కా?"

చదివానమ్మా, సరిగ్గా విని ఉండవు అన్నాను. నిజం చెప్పాలంటే విసుక్కున్నాను.

"లేదక్కా. సత్తయ్య పేరు సదివిన్రు. ఆనించి ఊకున్నరు. గంతసేపు ఊకుండి ఎవరో గఫార్ పేరు సదివిన్రు. ఈడ అందరం విన్నం. ఏమైందక్కా ఆయినకు? దాయకున్రి, చెప్పున్రి."

నెట్ అన్నాక తెగుతూ ఉంటుంది, అదే అయ్యుంటుందని సర్దిచెప్పబోయాను. సలీమ్ భాయ్ నవ్వి, "నా చెవులతో విన్నా పద్మజ గారూ, మీరు చదివిన్రు. రికార్డింగ్ ఉంది కదా, ఫోన్‌లోనే వినిపించెయ్యండి, ఖలాస్" అన్నాడు. మైకుల నుంచి నేరుగా కంప్యూటర్లోకి ఎక్కే రికార్డింగు అది. నెట్‌తో సంబంధం లేదు.

పెట్టాడు. సత్తయ్య పేరు, ఊరు, క్షేమం. తర్వాత నా గొంతు లేదు.

గొంతు లేదంటే రికార్డింగు ఆగిందని కాదు. టేబుల్ ఫ్యాను చప్పుడు ఉంది. నా గాజు బల్లకు తగిలిన చప్పుడు ఉంది. సలీమ్ భాయ్ దగ్గు ఉంది. నోటుబుక్కులో కాగితం తిప్పిన చప్పుడు ఉంది. అన్నీ నా మైకు పక్కనే పుట్టిన చప్పుళ్ళు. మాట ఒక్కటే లేదు. తొమ్మిది సెకన్లు. ఆ పేరు, ఊరు, భార్య పేరు, క్షేమం చదవడానికి నాకు ఎంత పడుతుందో అంత. ఆ తర్వాత గఫార్ పేరు శుభ్రంగా వినబడింది.

సలీమ్ భాయ్ ముఖంలో నవ్వు పోయింది. రెండోసారి పెట్టలేదు. ఫోన్‌లో రాజవ్వ, "ఇన్నరా అక్కా, ఇన్నరా" అంటూనే ఉంది.

అప్పుడు నాకు భయం వేసింది. దయ్యం భయం కాదు. ఎల్లయ్యను నేను చూడలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

సత్తయ్యకు ఫోన్ చేశాను. ఆ ఇద్దరికీ కలిపి ఒకటే హ్యాండ్‌ఫోన్, ఆ రోజు అది సత్తయ్య దగ్గర ఉంది. ఎల్లయ్యను ఎప్పుడు చూశావని అడిగితే కాసేపు నసిగాడు.

"నిన్న పొద్దుగాల అక్కా. రాత్రి పండనీకి రాలే. ఓటీ ఉండొచ్చనుకున్న."

"మరి రాజవ్వకు చెప్పమన్నాడన్నావు?"

"ఎప్పుడు చెప్పేదే గదా అక్కా..."

నేను అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అందులో సగం నన్ను నేను తిట్టుకున్నవే.

సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తలేదు. సత్తయ్య దగ్గర పని జరిగే చోట గేటు కాపలా ఆయన నంబరు ఉంది. తమిళాయన, పెద్దవాడు. ఆదివారం సైటులో పిట్ట కూడా లేదమ్మా, ఓటీ ఏమీ లేదు అన్నాడు. ఒక్కసారి చుట్టూ తిరిగి చూడండి అంకుల్ అని నాకొచ్చిన ముక్కల తమిళంలో బతిమాలాను. ఎక్కడని వెతకను అన్నాడు. తలుపు ఉన్న ప్రతిచోటా అన్నాను. ఆ మాట నా నోటికి ఎందుకొచ్చిందో తెలియదు. ఇనప తలుపు ఉన్న గదిలో కూర్చుని మాట్లాడుతున్నాను కాబట్టి వచ్చిందేమో.

ముప్పావుగంట తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. సామాన్లు పెట్టుకునే పాత కంటైనర్‌లో ఎల్లయ్య ఉన్నాడు. శనివారం సాయంత్రం పనిముట్లు లోపల పెట్టడానికి వెళ్తే, ఎవరో చూసుకోకుండా బయట గడియ వేసి వెళ్ళిపోయారు. ఈ దేశపు ఎండలో ఇనప పెట్టె. తలుపు బాది బాది చేతులు పగిలాయి. గొంతు పోయింది. అంకుల్ తలుపు తీసేసరికి ఊపిరి ఉంది, మాట లేదు. సోమవారం పొద్దున పనివాళ్ళు వచ్చేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పాడు. నేను రాయను.

నేను 'క్షేమం' అన్న మాట ఆ రోజు రాజవ్వకు వినబడి ఉంటే, ఆమె ఇంటికి వెళ్ళి అన్నం వండుకునేది. ఎవరూ ఎవరినీ వెతికేవాళ్ళు కాదు. చేతిలో నోటుబుక్కు పట్టుకుని, నాకు తెలియని దాన్ని తెలిసినట్టు చదివి, నేనే ఆ మనిషి ఉసురు తీసి ఉండేదాన్ని. ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇక్కడితో ఆగి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు. మైకు వైరులో ఏదో లోపం, అది కాకతాళీయంగా ఆ పేరు దగ్గరే వచ్చిందని సరిపెట్టుకునేదాన్ని. పిల్లి శాపానికి ఉట్టి తెగదంటారు గానీ, వైరు తెగడానికి శాపం అక్కర్లేదు కదా.

మంగళవారం సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాం, నేనూ సలీమ్ భాయ్. ఎల్లయ్య చేతులకు కట్లతో, దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గొంతు అప్పుడప్పుడే వస్తోంది. నన్ను చూసి దండం పెట్టబోయాడు.

"మీరు పిలిస్తెనే పానం నిలవడ్డదక్కా" అన్నాడు.

రాజవ్వ ఫోన్ చెయ్యడం గురించి అనుకుని, అదంతా నీ భార్య పుణ్యం అన్నాను. అడ్డంగా తల ఊపాడు.

"గట్ల కాదక్కా. లోపట పడి ఉన్నప్పుడు ఇనవడ్డరు. సందుల నుంచి ఎండ అవుతల దిక్కు తిరిగింది గప్పటికి. నా పేరు సదివిన్రు, ఊరు సదివిన్రు, రాజవ్వ పేరు సదివిన్రు. క్షేమం అన్నరు. కాదక్కా, మంచిగ లేను అని మొత్తుకున్న. గొంతు రాలే. అయినా మొత్తుకున్న."

సలీమ్ భాయ్ నా వైపు చూడలేదు, మంచం కింద చెప్పుల వైపు చూస్తున్నాడు. ఎండదెబ్బకు మనిషికి ఏవేవో వినిపిస్తాయి, ప్రతి ఆదివారం విన్నవాడికి ఆదివారం అదే వినిపించడంలో వింతేముంది అని నేను మనసులో లెక్క వేసుకుంటున్నాను.

అప్పుడు అడిగాడు.

"నా ఎనకనే సదివిన్రు, గా గఫార్ ఎవరక్కా? కొత్తోడా?"

నేను టెస్టర్‌ని. అక్కడికక్కడే దారులన్నీ మూయడం మొదలుపెట్టాను. రాజవ్వతో మాట్లాడావా? లేదు, ఆ రోజు మా ఫోన్ నుంచే మొదటిసారి మాట్లాడించాం. సత్తయ్య వచ్చాడా? వచ్చాడు, సోమవారం, కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చి వెళ్ళాడు. తర్వాత సత్తయ్యను పట్టుకుని అడిగాను. తన వెనక ఎవరు నిలబడ్డారో తనకే తెలియదన్నాడు. అబద్ధమాడే అవసరం అతనికి ఉందనుకోను. ఉండొచ్చునేమో, ఆ ఒక్క సందు నేను పూర్తిగా మూయలేకపోయాను.

ఆ వారమంతా ఆఫీసు కాగానే హౌగాంగ్ రైలెక్కి సలీమ్ భాయ్ ఇంటికి వెళ్ళాను. అదే కుర్చీ, అదే మైకు, అదే ఫ్యాను. అదే కాగితం మళ్ళీ మళ్ళీ చదివాను. వైర్లు మార్చాం, కావాలని కదిపాం. మాట పోయినప్పుడల్లా ఫ్యాను చప్పుడూ పోయింది. మాట ఒక్కటే పోవడం ఒక్కసారి కూడా జరగలేదు. మా పనిలో మళ్ళీ పుట్టించలేని తప్పుకు ఒక పద్ధతి ఉంది. 'కారణం తెలియదు' అని రాసి మూసేస్తాం. దీన్నీ అలాగే రాసి మూసేశాను.

తర్వాతి ఆదివారం నుంచి పాత నియమం తిరిగి పెట్టాం. కళ్ళతో చూడనిదే రాయలేదు. ఎల్లయ్య కోలుకుని, ఇంకో ఏడాది పనిచేసి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ ఏడాదంతా ప్రతివారం తానే వచ్చి పేరు రాయించుకున్నాడు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక మా రేడియో అవసరం తీరిపోయింది. సలీమ్ భాయ్ ఆ గదిలో ఇప్పుడు బియ్యం సంచులు పెట్టుకున్నాడు. ఆ రికార్డింగు ఉన్న డిస్కు ఆయన ఇంట్లో ఉంచుకోనన్నాడు. నా దగ్గర ఉంది. నేనూ వినను.

నేను చదివిన మాట గదిలో ఇద్దరం విన్నాం. రికార్డింగులో లేదు. ఊళ్ళో బెంచీల మీద కూర్చున్నవాళ్ళకు చేరలేదు. గడియ వేసిన ఇనప పెట్టెలో ఉన్న మనిషికి చేరింది. ఎలాగో నాకు తెలియదు. దయ్యాల మీద నమ్మకం ఇప్పటికీ లేదు, ఇది దయ్యం పని అని కూడా అనను.

ఒకటి మాత్రం మారింది. ఇంటి నుంచి ఎవరైనా ఫోన్ చేసి అందరూ క్షేమమేనా అని అడిగితే, వెంటనే జవాబు చెప్పలేను. కాసేపు ఆగుతాను. ఎక్కడినుంచైనా ఎవరైనా 'కాదక్కా' అంటారేమోనని.