రోజూ వేసుకునే మాత్ర

పోయిన నెల బాపట్ల నుంచి మేడమ్‌గారి చెల్లెలు ఫోన్ చేశారు. "అక్కయ్య వెళ్ళిపోయిందమ్మా. పొద్దున్నే కాఫీ అడిగింది. కలిపి తెచ్చేసరికి లేదు" అన్నారు. రేపల్లెలో బస్సెక్కి కూర్చున్నానే గానీ, దారంతా ఆవిడ గొంతే వినిపించింది. "కంగారు పడకు. ముందు మొత్తం చదువు, తర్వాత రాయి." కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఆవిడ చెప్పే మొదటి మాట అదే.

తెనాలిలో మేము పనిచేసిన ఆసుపత్రిలో ఆవిడ రికార్డుల విభాగానికి పెద్ద. రోగి ఇంటికి వెళ్ళాక డాక్టర్లు రాసిన కేస్ షీట్ మా గదికి వచ్చేది. దాన్ని చదివి, లావుపాటి కోడ్ పుస్తకంలో ఆ జబ్బుకు ఏ కోడ్ ఉందో వెతికి పైన వేయాలి. ఎనభైల్లో నేను డిగ్రీ పూర్తిచేసి ఆ ఉద్యోగంలో చేరాను. రోజూ రేపల్లె నుంచి ప్యాసింజర్లో వచ్చేదాన్ని. బండి ఆలస్యమైన రోజున నన్నేమీ అనకుండా, తన టిఫిన్ డబ్బాలోంచి కారప్పొడి అద్దిన ఇడ్లీ ఒకటి మూతలో పెట్టి నా వైపు జరిపేవారు.

ఆవిడకు ఒక పట్టుదల ఉండేది. ఏళ్ళ తరబడి మందు వాడుతున్నవాళ్ళకు జబ్బు కోడ్‌తో పాటు, మందు వాడుతున్నారన్న కోడ్ కూడా వేసి తీరాలనేవారు. అది పుస్తకం చివరి పేజీల్లో ఎక్కడో ఉండేది. అక్కడిదాకా వెళ్ళడానికి మాకు బద్ధకం.

"అది జబ్బు కాదు కదండీ, దానికి కోడ్ ఎందుకు?" అని ఒకసారి అడిగాను.

"జబ్బు కాదు కాబట్టే వేరే కోడ్. చూడు, ఈ కాకుమాను పెద్దాయనకి గుండె కవాటం మార్చారు. రక్తం పలచబడే మాత్ర బతికినన్నాళ్ళూ వేసుకోవాలి. రేపు పన్ను పీకించుకోడానికి వస్తాడు. ఆ సంగతి పళ్ళ డాక్టరుగారికి ఎవరు చెప్తారు?"

'షుగరాయన వచ్చాడు', 'మూర్ఛమ్మాయి వచ్చింది' అని ఎవరైనా అంటే ఊరుకునేవారు కాదు. "షుగర్ ఉన్న ఆయన అనండి. ముందు మనిషి, తర్వాతే జబ్బు" అనేవారు. అప్పట్లో అది చాదస్తం అనుకున్నాం. సుజాత విషయం జరిగాక ఎవరూ అలా అనుకోలేదు.

సుజాత అసలు పేరు కాదు. రోగుల పేర్లు గది దాటకూడదని మేడమ్ నేర్పారు గనుక మార్చాను. పిట్టలవానిపాలెం అమ్మాయి. చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉండేది. మా ఆసుపత్రిలో రాసిన మాత్రతో అది అదుపులోకి వచ్చి చాలా ఏళ్ళయింది. తొంభైల చివర్లో బీఈడీ పాసై, బాపట్లలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగానికి ఎంపికైంది. స్కూలువాళ్ళు ఆసుపత్రి కాగితం అడిగితే మా దగ్గర తీసుకెళ్ళింది. అందులో 'మూర్ఛ, అదుపులో ఉంది' అని ఒక వరుస. దాని కింద మందు వాడుక కోడ్, పక్కన పుస్తకంలో ఉన్నట్టే ఇంగ్లీషులో 'లాంగ్ టర్మ్ డ్రగ్ యూజ్' అని టైపు.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి తండ్రి మా గదికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా అమ్మాయికి డ్రగ్స్ అలవాటని రాశారంటండి. ఆ స్కూలు కరస్పాండెంటు గారు నలుగురిలో అనేశారు. ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నానండి" అన్నాడు.

మేడమ్ కుర్చీలోంచి లేచారు. గుమ్మం బయట నిలబడ్డ సుజాతను లోపలికి పిలిచారు. తండ్రిని పక్కన పెట్టి, ఆ అమ్మాయినే అడిగారు. "నేను వెళ్ళి ఆయనతో మాట్లాడతానమ్మా. నీ ఆరోగ్యం సంగతి వాళ్ళ ముందు విప్పి చెప్పాల్సి వస్తుంది. నీకు ఇష్టమేనా?"

"నేనూ వస్తానండి. నా సంగతి నేనే చెప్పుకుంటాను" అంది సుజాత.

మర్నాడు మేడమ్, సుజాత, నేను ముగ్గురం బాపట్ల వెళ్ళాం. కరస్పాండెంటు గారు మర్యాదగానే కూర్చోబెట్టారు కానీ, ఆ కాగితాన్ని వేలితో దూరంగా నెట్టారు. మేడమ్ దాన్ని తన వైపు లాక్కున్నారు.

"ఇందులో డ్రగ్ అంటే డాక్టరు రాసిచ్చిన మందండి. మత్తుమందుల అలవాటుకి కోడ్ వేరే ఉంది. నేనూ థైరాయిడ్‌కి రోజూ పొద్దున మాత్ర వేసుకుంటాను. నా కాగితం తీసినా ఇదే కోడ్ ఉంటుందండి."

ఆయన ఆ కాగితం తీసుకుని మళ్ళీ చదివారు. "నేనూ బీపీకి వేసుకుంటున్నాను" అన్నారు చివరికి. మళ్ళీ సుజాత వైపు తిరిగి, "సరేనమ్మా. క్లాసులో పిల్లల ముందు మూర్ఛ వస్తే ఏంటి దారి?" అన్నారు.

"చాలా ఏళ్ళుగా రాలేదండి. మాత్ర ఒక్కపూట కూడా మానను. వస్తే మాత్రం రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది" అంది సుజాత. చెప్తున్నంతసేపూ చూపు దించలేదు.

"రాదని మాటివ్వలేనండి" అన్నారు మేడమ్. "వస్తే ఏం చేయాలో మీ టీచర్లందరికీ నేర్పించి వెళ్తాను."

అన్నట్టే ఆ సాయంత్రం స్టాఫ్‌రూములో నన్ను బల్ల మీద పడుకోబెట్టి చూపించారు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, చేతిలో తాళాలు పెట్టకూడదు, నోట్లో ఏమీ కుక్కకూడదు, గట్టిగా అదిమి పట్టకూడదు. టీచర్లు మొదట నవ్వారు, తర్వాత ఒక్కొక్కరే ప్రశ్నలు అడిగారు. సుజాత ఆ సోమవారమే ఉద్యోగంలో చేరింది. తెనాలి వచ్చాక మేడమ్ మా టైపిస్టుతో, "ఇక నుంచి డ్రగ్ అని కొట్టకు, మెడిసిన్ అని కొట్టు" అన్నారు.

ఆ మరుసటి ఏడు సుజాత మళ్ళీ మా గదికి వచ్చింది. ఈసారి రెండు జడల పాప ఒకతి ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. పొద్దున ప్రార్థన జరుగుతుండగా ఆ పాప పడిపోయి కొట్టుకుందట. తాళాల కోసం ఎవరూ పరుగెత్తలేదు. డ్రిల్లు మాస్టారు పక్కకి తిప్పి పడుకోబెట్టారు, సుజాత తల కింద తన చున్నీ మడిచి పెట్టింది. పాప వాళ్ళమ్మ స్కూలు మాన్పించేస్తానని ఏడుస్తుంటే, "నాకూ ఉందండి. నేను మీ పాపకే పాఠం చెప్తున్నాను కదా" అందట. ఆ తల్లి కన్నీళ్ళు తుడుచుకుని పాపను తెనాలి తీసుకొచ్చింది. సుజాత సెలవు పెట్టి తోడొచ్చింది.

డాక్టరుగారు పాపకు మాత్ర మొదలుపెట్టారు. "ఎన్నాళ్ళు వేసుకోవాలి?" అని పాప మేడమ్‌నే అడిగింది.

"కొన్నేళ్ళు పట్టచ్చమ్మా. పళ్ళు తోముకుంటావు కదా రోజూ, అలాగే ఇదీ" అన్నారు మేడమ్.

వాళ్ళు బయల్దేరాక కిటికీలోంచి చూశాం. గేటు దగ్గర బాపట్ల బస్సు కదలబోతోంది. పాప వాళ్ళమ్మ అప్పటికే మెట్టు మీద నిలబడి, ఆపమని కండక్టర్ని బతిమాలుతోంది. వెనకాల ఎండలో టీచరూ పాపా చేయీ చేయీ పట్టుకుని పరుగెడుతున్నారు. పాప జడలు ఎగురుతున్నాయి. జాగ్రత్త అనడానికి నోరు తెరిచిన మేడమ్ అంతలోనే మనసు మార్చుకుని, కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని గట్టిగా అరిచారు.

"పరుగెత్తండి! దొరుకుతుంది, పరుగెత్తండి!"