అన్న గజ్జల్లో బిళ్ళ

మొన్న మడమలో తుమ్మముల్లు దిగితే, పీకి పారేసిన మరుక్షణమే నా చెయ్యి తనంతట తానే గజ్జల్లో బిళ్ళ కట్టిందేమోనని తడుముకుంది. కాలికి దెబ్బ తగిలితే అక్కడ బిళ్ళ కట్టడం, నాలుగు రోజులకు కరిగిపోవడం నా ఈడువాళ్ళకు జలుబు చేసినంత మామూలు సంగతి.

మా పెద్దన్నకు మాత్రం అది కరగలేదు. గొర్రెలు తోలుకుని కుందుర్పి నుంచి కర్ణాటక దాకా నెలల తరబడి తిరిగే మనిషి కావడంతో, అతని మడమ మీది నల్లమచ్చను ఎవరూ పట్టించుకోలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ బిళ్ళ నిమ్మకాయంత అయింది. మందుల షాపులో పనికి చేరి అన్నీ తెలుసనుకుంటున్న నేను, అది సవాయి రోగమని, చెడు తిరుగుళ్ళ వల్లే వస్తుందని వదినకు చెప్పాను. ఆమె ఏడవలేదు, అన్నను అడగలేదు. మరునాడు పొద్దున్నే బిడ్డనెత్తుకుని చిలమత్తూరులోని పుట్టింటికి వెళ్ళిపోయింది.

బెంగళూరు ఆసుపత్రిలో తేలింది, ఆ మచ్చే క్యాన్సరని, గజ్జల్లోకి పాకిందని. తొడ మొదట్లో పెద్ద రక్తనాళం చుట్టూ ఉన్న గ్రంథులను, అక్కడి నుంచి పొత్తికడుపు లోపలివాటిని కూడా, నాళానికి గాటు పడకుండా ఒలిచి తీస్తామని డాక్టరు కాగితం మీద గీసి చూపించాడు. ఆ తర్వాత పొట్ట నుంచి తొడ దాకా దిగిన కుట్లు చూసి, మనిషి చేతులకు ఇంత నేర్పు ఉంటుందా అని నిలబడిపోయాను. గాయంలోని నీరు గొట్టం గుండా దిగే డబ్బాను అన్న అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలా కంబళి మడతలో పెట్టుకుని నడిచేవాడు.

నేను చిలమత్తూరు వెళ్ళి నిజం చెప్పగానే వదిన నా వెంటే బస్సెక్కింది. ఆమె ఏదో పంతానికి పోయిందనుకున్న అన్న, మంచం మీది నుంచే నవ్వి, "ఏమే, పుట్టింట్లో కూడు బాగుండెనా?" అన్నాడు.

"నోరు మూసుకోని కాలు ఎత్తిపెట్టుకో, వాస్తాండాది," అంది వదిన.

ఆ వాపు మరి తగ్గలేదు. కాలికి పట్టీ చుట్టుకుని, పన్నెండేళ్ళు గొర్రెల వెంట నడిచాడు. "మొగునికి క్యాన్సర్ అనంగానే ఇడిసిపెట్టి పోయిందప్పా," అని ఊరు వదినను ఆడిపోసుకుంటూనే ఉంది. ఆమె ఒక్కసారి కూడా బదులు చెప్పలేదు. చెప్పాలంటే సవాయి అనే మాట బయటికి రావాలి, వస్తే అది అన్నకు అంటుకుంటుంది. ఇది అర్థమై కూడా నేను నోరు మెదపలేదు.

అన్న పోయాక, ఇది రాయనా అని అడిగితే, "రాసుకో. మీ అన్నను తక్కువ చేసి రాసినావంటే మాత్రం చూడు," అంది వదిన.

ఇప్పుడు మా ఊళ్ళో అరికాలి మచ్చను ఫోనులో ఫోటో తీసి డాక్టరుకు పంపుతున్నారు, క్యాన్సర్ అనే మాటను టీ అంగడి దగ్గర గొంతు తగ్గించకుండా పలుకుతున్నారు. ఆనాడు మనకెవరికీ ఏమీ తెలియదని నేను తప్పించుకోలేను. ఆ బిళ్ళ ఏమిటో తెలియనివాళ్ళందరూ దాని గురించి ఊరుకున్నారు. తెలియకుండా మాట్లాడింది నేనొక్కణ్ణే.