రాజీ కాగితంలో ఆమె తప్పు

మేడ్చల్ బస్టాండు దగ్గర నాకు సైకిల్ షాపు ఉండేది. నేను బడి గడప తొక్కలేదు. పంక్చర్లు వేస్తూ, పాత వార్తాపత్రికలు ముందేసుకుని అక్షరాలు నేర్చుకున్నాను. చేతిరాత కుదురుగా ఉంటుందని చుట్టుపక్కల పెద్దమనుషులు ఏ కాగితం రాయాల్సి వచ్చినా నన్నే పిలిచేవాళ్లు. వెక్కిరింపుగానే అయినా పంతులు అనేవాళ్లు. అందుకు నేను గర్వపడేవాణ్ని. ఆ గర్వం మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు.

తొంభైల్లో శామీర్‌పేట దారి పొడుగునా ద్రాక్ష తోటలు. వాటిలో పనిచేసే ఒకామె మా వాడకట్టులోనే ఉండేది. పాతికేళ్లుంటాయేమో. ఇద్దరు పిల్లలు. గుత్తుల్లో చిన్న కాయలు కత్తిరించే పని. పొద్దంతా చేతులు పందిరికి ఎత్తే ఉండాలి. ఒకరోజు ఆమె ఎడమ చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో కనిపించింది. మొగుడు కట్టెతో కొట్టాడు. కొట్టడం మొదటిసారి కాదు, ఎముక విరగడం మొదటిసారి. వెళ్లి తలదాచుకోవడానికి తల్లిగారి వైపు ఎవరూ లేరు. అందుకని పంచాయితీ పెట్టించింది.

సర్పంచు ఇంటి అరుగు మీద పొద్దున పూట కూర్చున్నాం. మొగుడు తల వంచుకుని తప్పు ఒప్పుకున్నాడు. ఇకమీదట చెయ్యి చేసుకోనని అతని తరఫున రాసి నేను కలం మూయబోతే ఒక పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

“ఏం పంతులూ, ఒక్కపక్కనే రాస్తివి? తక్కెడ ఒంగిపోదా? పిల్ల తప్పు గూడ రాయి.”

మా దగ్గర అది పద్ధతి. రాజీ కాగితంలో ఇద్దరి తప్పూ ఉండాలి. ఒక్కడి తప్పే రాస్తే వాడికి పరువు తక్కువై మాట మీద నిలబడడని పెద్దల నమ్మకం. పొలం గెట్టు తగాదాల్లో అది పనికొచ్చేది కూడా. ఒకడు గెట్టు జరిపితే ఇంకొకడు అమ్మనాబూతులు తిట్టి ఉంటాడు, ఇద్దరివీ రాసేవాణ్ని. ఆ అలవాటుతోనే చెయ్యి విరిగిన మనిషిని అడిగాను.

“నీ తప్పేందమ్మా?”

ఆమె నిజంగానే ఆలోచించింది. “ఏమో కాకా. కూరల ఉప్పు ఒక్కోపాలి ఎక్కువైతది గావచ్చు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

“ఉప్పు గిప్పు రాస్తే కాగితానికి ఇజ్జత్ ఉంటదా?” అన్నాడు పెద్దమనిషి. “నోటి దురుసని రాయి. చెప్పకుండ ఇల్లు దాటుతదని రాయి. ఇగ ఐపాయె.”

రాశాను. ఆమె అనని మాటలు ఆమె ఒప్పుకున్నట్టు, నా కుదురైన అక్షరాలతో. చదివి వినిపించను కూడా లేదు. మంచిగా ఉన్న చేతి బొటనవేలికి సిరా రాసి ముద్ర వేయించాను. కాగితం మొగుడు తీసుకున్నాడు. తడవకుండా, చిరగకుండా దానికి ప్లాస్టిక్ వేయించాడని తర్వాత తెలిసింది.

కొట్టడం మాత్రం మానలేదు. కొన్నేళ్లకు ఆమె పోలీస్ స్టేషన్‌కు పోతూ నన్ను తోడు రమ్మంది. ఎట్లా తెలిసిందో, మాకంటే ముందే మొగుడు అక్కడున్నాడు, ఆ కాగితంతో. బల్ల దగ్గరున్న జమేదారు తీరిగ్గా చదివాడు.

“చెప్పకుండ ఇల్లు దాటుతనని నువ్వే ఒప్పుకున్నవు గదమ్మా. ఇయ్యాల గూడ చెప్పకనే వచ్చినట్టున్నవు.”

పక్కవాళ్లకు అది మంచి హాస్యంగా తోచింది. అవి ఆమె మాటలు కావు, నావి అని చెప్పాల్సిన చోటు అదే. చెప్పలేదు. పెద్దమనుషుల మాట పోతుందని, నా రాతకు విలువ పోతుందని నోరు మూసుకున్నాను. ఆమె తిరిగి ఆ ఇంటికే పోయింది.

గృహహింస చట్టం వచ్చిన కొత్తలో మా అంగన్‌వాడీ టీచరు షాపుకు వచ్చింది.

“కాకా, రక్షణ అధికారి అని పెట్టిన్రంట. స్టేషన్‌కు పోకున్నా నడుస్తదంట. వాళ్లే కోర్టుకు రాస్తరు, ఉండనీకె జాగ గూడ సూపిస్తరు. ఆఫీసు యాడుందో తెల్వది. సదివినోడివి గద, గా పిల్ల కోసం జర చూడు.”

చూశాను. మండలాఫీసులో ఒకాయన నన్ను రేషన్ కార్డుల కిటికీకి పంపాడు. ఆ కిటికీలోని మనిషి, “గసొంటి ఆఫీసరు మా దిక్కు లేడు” అన్నాడు. బ్రాందీ షాపుల వేలంపాట నోటీసు గోడ నిండా అంటించేవాళ్లకు, దెబ్బలు తిన్న ఆడమనిషి ఎక్కడికి పోవాలో ఒక్క ముక్క రాసి పెట్టడానికి చేతులు రాలేదు. చట్టం చేసినవాళ్లు దాని తలుపు దాచిపెట్టారా అనిపించింది. మూడు నాలుగు ఆఫీసులు తిరిగాక నగరంలో, స్త్రీ శిశు సంక్షేమ జిల్లా కార్యాలయంలో, పైఅంతస్తు గదిలో ఆ అధికారి దొరికింది.

మర్నాడే ఆమెనూ పిల్లలనూ బస్సులో తీసుకుపోయాను. అధికారి ఆమెకు కుర్చీ వేయించి, మంచినీళ్లిచ్చి, అప్పుడు అడిగింది. ఎన్నేళ్లుగా కొడుతున్నాడు, పిల్లల ముందు కొడతాడా, ఇష్టం లేకున్నా బలవంతం చేస్తాడా అని. చివరి ప్రశ్నకు ఆమె ఏడ్చింది. నేను లేచి బయటికి పోయాను. మా అరుగు మీద ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను ఇలా అడగలేదు. తప్పేమిటని మాత్రమే అడిగాం.

నన్ను మళ్లీ లోపలికి పిలిచారు. ఆమె భయం ఒక్కటే. “ఆయన దగ్గర కాగితముంది మేడం. కోర్టుల సూపెట్టి నాదే తప్పంటడు.”

“ఎవరు రాసిన కాగితం?”

ఆమె నా వైపు చూడలేదు, నా పేరూ చెప్పలేదు.

“నేను రాసిన,” అన్నాను. “గా మాటలు పిల్ల అనలే. చదివి గూడ ఇనిపియ్యలే.”

“అదే రాసి సంతకం పెట్టగలరా? కోర్టుకు కూడా రావాల్సి ఉంటుంది.”

తెల్ల కాగితం ఇచ్చారు. అంత చిన్న విషయం రాయడానికి నాకు గంట పట్టింది. ఏ ఊళ్లో, ఎవరి అరుగు మీద, ఎవరు చెప్పగా రాశానో అన్నీ పెట్టాను. ఆ సాయంత్రమే ఆమెకు ఆశ్రయ గృహంలో చోటు చూపించారు. గేటు దాటి మగవాళ్లను రానివ్వరు. బట్టల మూట అందిస్తుంటే ఆమె అడిగింది, కోపంగా కాదు, తెలుసుకోవడానికి అడిగినట్టే.

“గిది గప్పుడే ఎందుకు రాయలే కాకా?”

సంగతి తెలిసి, ఆనాడు ఆమె తప్పు రాయించిన పెద్దమనిషి షాపుకే వచ్చి నిలబడ్డాడు. “పదిమంది మాటను కోర్టుకెక్కించినవు. ఇగ నీతోని ఎవడు రాపిస్తడు?”

“రాపియ్యకున్రి,” అన్నాను.

కోర్టులో ఆ ప్లాస్టిక్ కాగితాన్నీ నా కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చదివారు. కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. అతను ఆ ఇంట్లో కాలు పెట్టకూడదు. ఆమె పిల్లలతో తిరిగొచ్చి లోపల గడియ పెట్టుకుంది. అప్పటికి తోటలు కొట్టేసి ప్లాట్లు చేశారు. బడిలో వంటపనికి కుదిరింది.

దారిలో ఎదురైతే బాగున్నవా అంటుంది. అంతకు మించి నాతో మాట్లాడదు. ఆమె మాట్లాడాలని నేనూ ఆశించడం లేదు.