బొమ్మతో చెప్పిన మాట

అలిపిరి దారిలో కొయ్యబొమ్మలు చెక్కి అమ్ముకునే దామోదరానికి తన మీద తనకు కొండంత నమ్మకం. ఉండదా మరి! పెదవి కదలకుండా మాట్లాడి, ఆ మాట ఒళ్ళో కూచున్న బొమ్మే అన్నట్టు నమ్మించడం చిత్తూరు జిల్లా మొత్తంలో తనొక్కడికే చేతనవునని ఆయన ఉద్దేశం. ఒక సర్కసు ముసలాయన దగ్గర మూడేళ్ళు చాకిరీ చేసి నేర్చుకున్న విద్య అది. బొమ్మను మాత్రం తన చేత్తోనే చెక్కుకున్నాడు. దాని పేరు చిన్నబ్బ.

జనం సంగతి తలుచుకుంటే నవ్వొస్తుంది. దామోదరాన్ని పలకరించేవాడు ఉండడు గానీ, చిన్నబ్బకు మర్యాదలే మర్యాదలు. ఆడవాళ్ళు దిష్టి తీసేవాళ్ళు. ఒకావిడ బొమ్మ నోటికి మజ్జిగ పట్టబోయింది కూడా. కొందరు ముసలాళ్ళు అది దయ్యమేనని ఆమడ దూరంలో నిలబడేవాళ్ళు, ఆట అయ్యేదాకా మాత్రం కదిలేవాళ్ళు కాదు.

డెబ్బై తొమ్మిదిలో వడమాలపేట దగ్గర ఒక పల్లెలో ఆట పెట్టాడు. ముందు వరసలో చంద్రకాంతమ్మ కూచుంది. ఊళ్ళో పెద్ద రైతు మునస్వామి భార్య ఆమె. చిన్నబ్బ ఊరూరా అడిగే ప్రశ్నే ఆమెనూ అడిగాడు.

"ఏం వదినా, నిన్న మా అన్న నీతో ఏం మాట్లాడినాడు?"

ఏ ఊళ్ళోనైనా ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు, అంతే. చంద్రకాంతమ్మ నవ్వలేదు.

"మాట్లాడి పదకొండేండ్లాయ నాయనా" అంది బొమ్మతో. "మా పుట్టింటోళ్ళు ఇచ్చిన ఆవును నాకు చెప్పకుండా పుత్తూరు సంతలో అమ్మేసినాడు. నలుగురిలో అడిగినానని మాటలు మానేసినాడు. అన్నం కావాలన్నా గోడకు చెప్తాడు."

ఊరందరికీ తెలిసిన సంగతే. కానీ ఎవరూ ఏనాడూ నోరెత్తి అనలేదు. వెనక నుంచి మునస్వామి లేచాడు. దామోదరాన్ని ఒక్క మాట అనకుండా నేరుగా వచ్చి, చిన్నబ్బను మెడ పట్టుకుని లాక్కుని ఇంటికి పోయాడు! మాట్లాడించినవాణ్ణి వదిలేసి కొయ్యముక్క మీద కోపం. ఏం తెలివండీ అది!

దామోదరం మర్నాటి సాయంత్రం చిత్తూరులో ఒక పెళ్ళిలో ఆట ఒప్పుకున్నాడు. అదట్లా ఉంచండి, చిన్నబ్బ లేకపోతే తనను పిలిచేదెవరు? అయినా భయం మొహాన కనబడనివ్వకుండా తెల్లారగానే మునస్వామి ఇంటికి వెళ్ళాడు. వెనకాలే ఊరు ఊరంతా వచ్చింది.

అరుగు మీద చిన్నబ్బ, పక్కనే మునస్వామి. గుమ్మంలో చంద్రకాంతమ్మ నిలబడి ఉంది.

"మా ఇంటిది అబద్ధమాడిందని ఈ జనం ముందర నీ బొమ్మతో చెప్పించు. లేదంటే ఇది పొయ్యిలోకి పోతాది" అన్నాడు మునస్వామి.

ఎంతసేపు పని? ఒక్క ముక్క అనిపిస్తే చిన్నబ్బ దక్కుతాడు. దామోదరం బొమ్మను ఒళ్ళోకి తీసుకుని గుమ్మం వైపు చూశాడు. ఆమె తల దించుకోలేదు. ఇక ఆ మాట అనిపించడానికి ఆయనకు మనసొప్పలేదు.

"అన్నా, నేను కొయ్యబొమ్మను. ఈయప్ప ఏమనమంటే అదే అంటా" అన్నాడు చిన్నబ్బ. "నీకు సొంత నోరుండాది గదా. వదిన ఈడనే ఉండాది. 'చంద్రకాంతా, నువ్వు అబద్ధమాడినావు' అని నువ్వే పేరు పెట్టి పిలిచి చెప్పు. ఆపైన నన్ను పొయ్యిలో పెట్టుకో."

జనం గొల్లున నవ్వారు. మునస్వామి కుడితిలో పడ్డ ఎలుక అయ్యాడు. అలవాటు కొద్దీ గోడ వైపు తిరిగాడు.

"గోడతో కాదబ్బా, ఆమెతో!" అని అరిచింది పక్కింటి కుప్పమ్మ.

మునస్వామి మెల్లగా గుమ్మం వైపు తిరిగాడు.

"చంద్రకాంతా..." అని పిలిచాడు. "ఆవును నిన్నడక్కుండా అమ్మింది నా తప్పే."

నవ్వులు ఆగిపోయాయి. చంద్రకాంతమ్మ కళ్ళు తుడుచుకుని గడప దాటి వచ్చింది. మొగుడి వైపు చూడకుండా బొమ్మ ముందు కూచుంది.

"చిన్నబ్బా, ఆయప్పకు చెప్పు నాయనా" అంది. "ఇంకొక్కసారి నన్ను పేరు పెట్టి పిలవమను."